పొయ్యి అక్కడ, బూడిద ఇక్కడ

మా పుట్టినూరు బనగానపల్లెకు దగ్గరలో, జుర్రేరు వాగు పారే లోయలో ఉంది. నా చిన్నతనంలో మా జేజి ఇత్తడి బిందెలు, పళ్లేలు తోమడానికి చింతపండుతోపాటు ఒక తెల్లమట్టిని వాడేది. వేళ్ల మధ్య నలిపితే రాగిపిండి కన్నా మెత్తగా అనిపించి, నీళ్లు తగలగానే సన్నగా గరగరలాడే ఆ మట్టిని చేని గట్ల పక్కనున్న గుంతలనుండి తట్టలతో తెచ్చుకునేవాళ్లం. అది మట్టి కాదనీ, సుమారు 74,000 సంవత్సరాల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో పేలిన ఒక మహా అగ్నిపర్వతపు బూడిద అనీ నాకు తెలిసింది పెళ్లయి కర్నూలుకు కాపురానికి వచ్చిన చాలా ఏండ్లకు. మా లోయలోని జ్వాలాపురం దగ్గర పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు తవ్వకాలు జరిపి, ఆ బూడిద పొరకు కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంత ఉత్పాతం తరువాత కూడా ఇక్కడ మనుషులు నిలిచి బతికారని వారి వాదన. ఊరి పేరులోనే జ్వాల ఉండడం యాదృచ్ఛికమే అయినా, ఆ వార్త చదివిన రోజు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ పేలుడు మిగిల్చిన గుంతే నేటి తోబా సరస్సు. మా లోయ నుండి అక్కడికి సుమారు 2,700 కిలోమీటర్లు. మా జేజి బిందెలు తోమిన బూడిద ఏ పొయ్యిలోనిదో ఒకసారి చూసి రావాలన్న కోరిక నాలో ఏండ్ల తరబడి ఉండిపోయింది. మా తమ్ముడు ఉద్యోగరీత్యా కౌలాలంపూరులో ఉండడంతో పోయిన సంవత్సరం జూన్‌లో నేనూ మా ఆయనా వాడి దగ్గరకు వెళ్లి, అక్కడి నుండి గంట కూడా పట్టని విమాన ప్రయాణంతో సుమత్రాలోని మెదాన్ చేరుకున్నాము. మెదాన్ నుండి సరస్సు ఒడ్డునున్న పరాపత్ రేవు దాకా నాలుగైదు గంటల కారు ప్రయాణం. దారి పొడవునా తాటితోపులను తలపించే పామాయిలు తోటలు, రబ్బరు తోటలు తప్ప చెప్పుకోవలసినవి లేవు.

నేను చూడబోయింది సరస్సునే. కానీ తిరిగి వచ్చాక నా మనసులో మిగిలింది సరస్సు ఒడ్డునున్న బతక్ ప్రజల ఊళ్లు, వాళ్ల వరసలు. అందుకే సరస్సు గురించి రెండు ముక్కలే చెబుతాను. దాని నీటిమట్టమే సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 500 మీటర్లు దాటుతుంది. పేలుడు తరువాత అడుగు నేల తిరిగి ఉబికి పైకి లేవగా ఏర్పడినదే నడుమనున్న సమోసిర్ దీవి. పడవలో ఆ దీవి వైపు పోతున్నప్పుడు చుట్టూ నిలువుగా లేచిన కొండగోడలను చూసి, మా ఆయన చాలాసేపటి వరకు మాట్లాడలేదు.

బతక్ ప్రజలలో తోబా, కరో, సిమలుంగున్, పక్‌పక్, అంగ్‌కోలా, మందైలింగ్ అని ఆరు శాఖలున్నాయి. సమోసిర్ తోబా శాఖవారి గడ్డ. వాళ్లు ఊరిని హుతా అంటారు. మన ఊరిలాగా అన్ని కులాలు, అన్ని ఇళ్లు కలిసినది కాదు హుతా; ఒక వంశపురుషుడు కట్టుకొన్న ఊరు, అతని సంతతి దానికి వారసులు. మేము మొదట చూసినది అంబరీతాలోని సియాల్లగాన్ హుతా. చుట్టూ మనిషెత్తు రాతి గోడ, దానికి తోడు వెదురు పొదలు, లోపలికి పోవడానికి ఇరుకైన వాకిలి. లోపల ఒకే వరుసలో, భుజం భుజం కలిపి నిలబడ్డట్టు ఇళ్లు. పాత పద్ధతి ప్రకారం నివాసపు ఇళ్లకు ఎదురుగా సోపో అనే ధాన్యపు కొట్లు ఉంటాయి. ఆ రెండు వరుసల నడుమనున్న వాకిలే పెళ్లికీ చావుకీ నాట్యానికీ పంచాయితీకీ అంతటికీ చోటు.

ఇల్లు నేలకు ఆనదు. లావుపాటి దుంగలు రాళ్లమీద నిలబడితే, వాటిపైన ఇల్లు కూర్చుంటుంది; కింది ఖాళీలో పశువులను, పందులను కట్టేసుకునేవారు. పాతకాలపు పనివాళ్లు మేకులు వాడకుండా, కొయ్య చీలలు, తాళ్లతోనే అంత పెద్ద కట్టడాన్ని బిగించారు. పైకప్పు నడుమ వంగి రెండు కొసలూ పైకి లేచి గుర్రపు జీనులా కనిపిస్తుంది. వెనుక కొస ముందు కొస కన్నా ఎత్తుగా ఉంటుంది. వెనుక వచ్చే బిడ్డలు తల్లిదండ్రుల కన్నా ఎత్తుకు ఎదగాలనే కోరికతో అలా కడతారట. ఒకప్పుడు ఈ కప్పును తాటిజాతి చెట్టు నుండి తీసే ఇజుక్ అనే నారతో నేసేవారు. ఇప్పుడు చాలా ఇళ్లకు రేకులే ఉన్నాయి. మా వైపు నాపరాతి మిద్దెలు పడగొట్టి స్లాబులు వేసుకొన్నట్టే అక్కడా జరిగిందని చూస్తూనే అర్థమయింది. నారకప్పు నేసే పని తెలిసినవాళ్లు తగ్గిపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆ మార్పును తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఇంట్లోకి పోవాలంటే నిట్టనిలువు నిచ్చెన మెట్లెక్కి, నడుము ఎత్తు మాత్రమే ఉన్న ద్వారంలో తల వంచి దూరాలి. ఎంతటివాడైనా ఆ ఇంటివారికి తల వంచే లోపల అడుగు పెట్టాలని మాతో వచ్చిన డ్రైవరు చెప్పాడు. అతనూ బతక్ మనిషే, ఇంగ్లీషు బాగా వచ్చు, ఆ రెండు రోజులూ మాకు దుబాసీగా ఉన్నాడు. మా ఆయన పొడగరి కావడంతో రెండుసార్లు నెత్తికి దెబ్బ తగిలించుకొన్నాడు. ఆ తల వంచడం గురించి మళ్లీ చెబుతాను.

గోడలమీది చెక్కడాలను గోర్గా అంటారు. ఎరుపు, తెలుపు, నలుపు అనే మూడు రంగులే. తీగలు అల్లుకుపోయినట్టు సాగే ఆ గీతల నడుమ, ముందువైపు పలకమీద నాలుగు స్తనాలు, వాటివైపు పాకుతున్న ఒక బల్లి కనిపించాయి. స్తనాలు సంతానానికి, సమృద్ధికి గుర్తు. బల్లి ఎక్కడైనా నిలదొక్కుకొని బతకగలదు గనుక బతక్ మనిషి ఏ దేశం పోయినా అలా బతకాలని దాని అర్థం. ఆ బల్లి పేరు అడిగితే డ్రైవరు "బోరస్పతి" అన్నాడు. నేను మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట. నేలతల్లిని కాచే దేవతా రూపంగా వాళ్లు భావించే ఆ బల్లికి పేరు మన బృహస్పతి పేరే. బల్లి పాటు శాస్త్రం పంచాంగంలో చూసుకొనే ఊరినుండి పోయినదాన్ని, బల్లిలో బృహస్పతిని చూడడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ పేరు అక్కడితో ఆగలేదు. అక్కడి పాతకాలపు పురోహితుణ్ణి దాతు అంటారు. దాతు వెదురు గొట్టంమీద గీతలు గీసి పంచాంగం రాసుకొనేవాడు. విత్తడానికి, పెళ్లికి, ప్రయాణానికి మంచి రోజు అందులో చూసి చెప్పేవాడు. అందులోని వారాల పేర్లు డ్రైవరు వరసగా చదువుతుంటే నేను కాగితంమీద తెలుగులో రాసుకొన్నాను. అర్తియా, సుమా, అంగ్గారా, ముదా, బోరస్పతి, సింగ్‌కోరా, సమిసరా. ఆదిత్య, సోమ, అంగారక, బుధ, బృహస్పతి, శుక్ర, శనైశ్చర. ఒక్కొక్క పేరుకూ జత దొరుకుతూంటే మా ఆయన బడిపిల్లవాడిలా పైకి చదవడం మొదలుపెట్టాడు. చెట్టు బెరడును మడతలు మడతలుగా మడిచి రాసిన వాళ్ల పుస్తకం పేరు "పుస్తహా". వాళ్ల దేవుడు "దెబతా". వాళ్ల లిపి కూడా మన లిపిలాగానే బ్రాహ్మి సంతతిదే. సుమత్రా పడమటి తీరంలోని బారుస్ కర్పూరానికి పేరుమోసిన రేవు. అక్కడ 1088 నాటి తమిళ శాసనం ఒకటి దొరికింది. దానిని వేయించినది దక్షిణాదినంతా వ్యాపారం సాగించిన ఐదువందలవారి వర్తక సంఘం. కరో శాఖలోని సెంబిరింగ్ వంశంలో నేటికీ చోలియా, పాండియా, బ్రహ్మణా అనే ఉపశాఖలున్నాయి. మన వైపునుండి మాటలు ఓడలెక్కి పోయాయి. అంతకు ఎన్నో యుగాల ముందు అక్కడినుండి బూడిద గాలిలో మన వైపుకు వచ్చింది.

సియాల్లగాన్ ఊరి నడుమ ఒక పెద్ద హరియారా చెట్టు. మర్రి, రావి జాతిదే. దానికింద ఒక రాతి బల్ల, చుట్టూ రాతి కుర్చీలు. ఊరి రాజు, పెద్దలు కూర్చొని తగవులు తీర్చిన చోటు అది. మా ఊళ్లో వేపచెట్టు కింది రచ్చకట్ట అచ్చం అదే. ఘోర నేరాలకు అక్కడ మరణశిక్ష ఎలా వేసేవారో, ఆ మాంసం ఏం చేసేవారో గైడ్లు పర్యాటకులకు రంజుగా చెబుతారు. వినేవాళ్లు ఫోటోలు దిగి వెళ్లిపోతారు. నాకది బాధ కలిగించింది. వందల ఏండ్ల పాటు పొలం గట్ల తగాదాలను, అప్పుల చిక్కులను, పెళ్లి సంబంధాలను పదిమంది ఎదుట పరిష్కరించిన రాళ్లను ఒక్క భయంకరమైన కథకు కుదించడం అన్యాయం. మన రచ్చకట్టల దగ్గర కూడా మంచి తీర్పులూ జరిగాయి, ఘోరాలూ జరిగాయి. రెండూ చెప్పాలి.

ఆ సాయంత్రం డ్రైవరు మమ్మల్ని పడమటి వైపున్న తన వాళ్ల హుతాకు భోజనానికి తీసుకుపోయాడు. అది పర్యాటకులు పోయే చోటు కాదు. నాలుగైదు ఇళ్లు, వాటి చుట్టూ వరి మడులు, ఎర్రగడ్డల మడులు, ఒకచోట ఎండబోసిన కాఫీ గింజలు. ఇంటి పెద్దాయనకు డెబ్భై ఏండ్లు దాటి ఉంటాయి. "హోరాస్" అని పలకరించి, చాపమీద కూర్చోబెట్టి, మా పేర్లు కూడా అడగకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ మర్గా ఏది?" అని. మర్గా అంటే తండ్రినుండి వచ్చే వంశం పేరు. మన ఇంటిపేరు, గోత్రం కలిసినట్టు. ఒకే మర్గావాళ్లు అన్నాచెల్లెళ్లతో సమానం, పెళ్లి కూడదు. ఇద్దరు బతక్ మనుషులు ఎక్కడ కలిసినా ముందు మర్గాలు చెప్పుకొని, మూలపురుషుని నుండి ఎన్నో తరమో లెక్కవేసి, అన్న అనాలా మామ అనాలా అని తేల్చుకొన్న తరువాతే మాటలు మొదలవుతాయి. సియాంజుర్ ములా-ములా అనే ఊరి దగ్గరి పుసుక్ బుహిత్ కొండమీద తమ మూలపురుషుడు సి రాజా బతక్ వెలిశాడని, అతని ఇద్దరు కొడుకుల నుండే మర్గాలన్నీ పుట్టాయని వాళ్ల నమ్మకం.

నేను మా పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు చెప్పి, మా ఆయన మా మేనత్త కొడుకని చెప్పాను. డ్రైవరు ఆ మాటను వాళ్ల భాషలోకి మార్చగానే ఇంటి ఇల్లాలు వంటింట్లోంచి చేతులు తుడుచుకొంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. మగవాడు తన తులాంగ్ (మేనమామ) కూతురిని చేసుకోవడం వాళ్లలో అన్నిటికన్నా శ్రేష్ఠమైన సంబంధం. అలాంటి వరసైన పిల్లను పరిబాన్ అంటారు. "అయితే నువ్వు మీ ఆయనకు పరిబాన్‌వి" అని ఆమె నా భుజం తట్టింది. మా వైపు మేనత్త కూతురిని కూడా చేసుకొంటారని నేను చెప్పినప్పుడు ఆమె మొహం మారింది. వాళ్లలో ఆ పిల్ల చెల్లెలి వరస. ఇక రాయలసీమలో అక్క కూతురిని చేసుకొన్నవాళ్లు మా చుట్టాలలోనే ఉన్నారని చెప్పినప్పుడు పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొన్నాడు. మేనమామ అంటే వాళ్లకు తండ్రి తరువాత తండ్రి. అతను మేనకోడలిని పెళ్లాడడం వాళ్ల ఊహకే అందదు. మేనరికాలు, ముఖ్యంగా అక్క కూతురి సంబంధాలు, పిల్లల ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టర్లు చెప్పడంతో మా వైపూ తగ్గుతున్నాయని చెప్పి ఆ మాట ముగించాను.

భోజనానికి ఆర్సిక్ వండారు. పెద్ద బంగారు తీగ చేపను కోయకుండా, పొలుసు కూడా తీయకుండా, పసుపు, ఎర్రగడ్డలు, ఉల్లికాడలు, ఆందలిమాన్ అనే కొండ మిరియంతో కలిపి, నీరంతా ఇగిరిపోయేదాకా సన్నని సెగమీద వండే కూర అది. ఆందలిమాన్ గింజ పచ్చగా, ధనియం కన్నా చిన్నగా ఉంది. కొరికితే ముందు నిమ్మ వాసన, వెంటనే నాలుకంతా జివజివలాడి తిమ్మిరెక్కింది; అక్కలకర్ర నమిలినవాళ్లకు ఆ తిమ్మిరి తెలుస్తుంది. చేపను అలా తలతో తోకతో నిండుగా వడ్డించడానికి కారణం ఉంది. పెళ్లిలో, బిడ్డ పుట్టినప్పుడు, పిల్లనిచ్చినవాళ్లు కూతురికీ అల్లుడికీ తెచ్చి తినిపించే చేప అదేనట.

పెద్దాయన పొయ్యి వైపు చూపించాడు. మూడు రాళ్లు, వాటిమీద కుండ. "దలిహాన్ న తోలు" అన్నాడు. అంటే మూడు పొయ్యిరాళ్లు. వాళ్ల సంఘమంతా ఆ మాటమీదే నిలిచి ఉంది. ఒక రాయి తన వంశపు అన్నదమ్ములు, ఒక రాయి తన ఇంటికి పిల్లనిచ్చినవాళ్లు, ఒక రాయి తన ఇంటి పిల్లను చేసుకొన్నవాళ్లు. పిల్లనిచ్చినవాళ్లను హులా-హులా అని, పిల్లను తీసుకొన్నవాళ్లను బొరు అని అంటారు. "సోంబా మర్‌హులా-హులా, ఎలెక్ మర్‌బొరు, మనత్ మర్‌డోంగన్ తుబు." పిల్లనిచ్చినవారికి మొక్కు, పిల్లను తీసుకొన్నవారిని బుజ్జగించు, అన్నదమ్ములతో జాగ్రత్తగా మెలుగు. మూడిట్లో ఏ రాయి జరిగినా కుండ ఒరిగిపోతుంది.

ఆ మొదటి మాటను డ్రైవరుచేత మళ్లీ చెప్పించుకొన్నాను. పిల్లనిచ్చినవారికి మొక్కాలి. మొక్కవలసినది అల్లుడి వైపువాళ్లు. పెళ్లి జరిగితే సినామోత్ అనే సొమ్ము మగపెళ్లివారే ఆడపెళ్లివారికి ఇస్తారు. విందు జరిగితే పిల్లనిచ్చినవాళ్లు పైన కూర్చుంటారు. అల్లుళ్ల వైపువాళ్లు నీళ్లు మోసి, కట్టెలు కొట్టి, మాంసం కోసి, వడ్డిస్తారు. జీవం, సంతానం, దీవెన పిల్లనిచ్చిన ఇంటినుండే వస్తాయని, వాళ్లను చిన్నబుచ్చిన ఇల్లు వర్ధిల్లదని వాళ్ల నమ్మకం.

ఇక్కడ నా పెళ్లి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మా ఆయన మా నాయనకు స్వయానా మేనల్లుడు. పసితనంలో మా నాయన భుజాలమీద ఎక్కి బనగానపల్లె సంతకు పోయిన పిల్లవాడు. అయినా పెళ్లినాడు నాయన ఆడపిల్ల తండ్రే. అంతకు ముందు రాత్రి లాంఛనాల దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరు ఏమన్నారో ఇప్పుడు రాయను, అందరూ మావాళ్లే. తెల్లవారి పీటలమీద, మా జేజి ఆ తెల్లమట్టితో తళతళలాడేటట్టు తోమిన ఇత్తడి పళ్లెంలో మా ఆయన కాళ్లు పెడితే, నాయన వంగి ఆ కాళ్లు కడిగాడు. వరుణ్ణి విష్ణుమూర్తిగా భావించి చేసే క్రియ అది, తెలుసు. కానీ నాకు కనిపించింది రాత్రంతా చేతులు జోడించి నిలబడి నిద్రలేక వాచిన నాయన కళ్లు. ఆ హుతాలో, ఆ చాపమీద కూర్చొని ఉండగా మా ఆయన నెమ్మదిగా అన్నాడు: "మామ నా కాళ్లు పట్టుకొన్నప్పుడు వెనక్కి లాక్కోవాలనిపించింది. అయ్యవారు ఏమంటారో అని ఊరుకున్నాను." ఇరవయ్యేడేండ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

మేనమామనూ పిల్లనిచ్చిన మామనూ ఒకే మాటతో పిలిచే భాష మనది. ఆ మాట వెనుక కూడా ఏదో ఒక కాలంలో ఇలాంటి లెక్కే ఉండి ఉంటుంది. మేనమామ లేకుండా మా వైపు పుట్టువెంట్రుకలు తీయరు, చెవులు కుట్టరు, పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేదీ మేనమామే. అంత పెద్దరికం ఇచ్చిన మనిషినే, తన కూతురిని ఇచ్చిన రోజున మాత్రం తక్కువవాణ్ణి చేస్తున్నాము. ఇది నన్ను అక్కడ పట్టుకొన్నది, ఇంటికి వచ్చినా వదలలేదు.

ఇదంతా చదివి అక్కడి ఆడవాళ్లకు అంతా బాగుందనుకోకండి. ఆ ఇల్లాలే నాకు చెప్పింది. వంశం కొడుకుతోనే నిలుస్తుంది, కొడుకు లేని ఇల్లు ఆరిన దీపమే. సమోసిర్‌లోని తోమోక్ ఊళ్లో సిగాలే-గాలే అనే కొయ్యబొమ్మను తాళ్లతో ఆడిస్తారు. కర్మ చేసే బిడ్డలు లేకుండా పోయినవాడి శవం ముందు ఆ బొమ్మ బిడ్డకు బదులుగా ఆడేదని చెబుతారు. సినామోత్ బేరం కొన్నిచోట్ల పశువుల సంతలో బేరంలాగే సాగుతుంది. పాత కట్టుబాటు ప్రకారం ఆడపిల్లకు భూమి లేదు. కరో ఆడపిల్లలకు కూడా తండ్రి ఆస్తిలో హక్కు ఉందని ఇండోనేషియా సుప్రీంకోర్టు 1961లో తీర్పు చెప్పింది. మన రాష్ట్రంలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన చట్టం ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది; అది 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించింది. తీర్పు వేరు, చట్టం వేరు, పొలం గట్టుమీద జరిగేది వేరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మేమిద్దరం ఒకరి భాష ఒకరికి రాకుండానే దాని గురించి చాలాసేపు మాట్లాడుకొన్నాము.

మరునాడు వెనుదిరిగే దారిలో వరిపొలాల నడుమ, కొండల వాలులో, సిమెంటుతో కట్టిన పెద్ద పెద్ద సమాధులు కనిపించాయి. కొన్ని ఊళ్లోని ఇళ్లకన్నా బాగున్నాయి. వాటిని తుగు అంటారు. బతక్ ప్రజలలో చాలామంది ఇప్పుడు క్రైస్తవులు. జర్మన్ మిషనరీ నొమ్మెన్‌సెన్ 1862లో సుమత్రాకు వచ్చి 1918లో అక్కడే కన్నుమూశాడు. అయినా పూర్వీకుల ఎముకలను తవ్వి తీసి, పసుపు, నిమ్మరసం కలిపిన నీళ్లతో ఆడబిడ్డలు కడిగి, గుడ్డలో చుట్టి తుగులోకి ఎక్కించే పండుగ మాత్రం నిలిచే ఉంది. దానికోసం జకార్తాలో ఉద్యోగాలు చేసేవాళ్లు, దేశాంతరం పోయినవాళ్లు అందరూ హుతాకు వస్తారు. పెద్దాయనకు తన వంశంలో మూలపురుషుని నుండి తనదాకా ప్రతి తరంవాడి పేరూ నోటికి వచ్చు. ఆయన మనవడికీ వచ్చు. నాకు మా నాయన తాత పేరు రాదు. మా ఊళ్లో మా పెద్ద మిద్దె వాటాలు తెగక, ఎవరూ తాళం తీయక, వాన దిగి కూలుతోంది. బెంగళూరులో ఒకరు, హైదరాబాదులో ఇద్దరు, కర్నూలులో నేను.

తిరిగి వచ్చే ముందు పంగురురన్ దగ్గర లుంబాన్ సుహి-సుహిలో ఉలోస్ అనే శాలువాలు నేసేచోట ఆగాము. నేతగత్తె నేలమీద కాళ్లు చాపుకొని కూర్చొని, పడుగు ఒక కొసను ఎదుట కట్టి, రెండో కొసను నడుముకు పట్టీతో బిగించుకొంది. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. మగ్గానికి ఆమె ఒళ్లే ఒక కొయ్య. ఎమ్మిగనూరు గుంటమగ్గాలు చూసిన కన్నుకు ఆ పని ఎంత నడుము నొప్పో చూస్తూనే తెలిసింది. మా నాయనకు కప్పుదామని ముదురెరుపు, నలుపు చారలున్న, రాగి హోతాంగ్ అనే రకం ఉలోస్ ఒకటి ఎంచుకొన్నాను. హోతాంగ్ అంటే బెత్తం. బెత్తంతో కట్టినట్టు కలిసి ఉండాలని కొత్త దంపతులకు కప్పే ఉలోస్ అది. ఎవరికని ఆమె అడిగింది. మా నాయనకని చెప్పగానే తల అడ్డంగా ఊపింది. ఉలోస్ పైనుండి కిందికే దిగుతుంది, పిల్లనిచ్చినవాళ్లు కూతురికీ అల్లుడికీ కప్పాలి గానీ, కూతురు తండ్రికి కప్పకూడదని చెప్పింది. అయినా కొన్నాను.

వచ్చిన వారానికి ఇద్దరమూ ఊరికి పోయాము. నాయనకు ఎనభై దగ్గర పడ్డాయి, చూపు మందగించింది. బయటి అరుగుమీద ఆయన పక్కన కూర్చొని సరస్సు సంగతి, బోరస్పతి సంగతి, మూడు రాళ్ల సంగతి అన్నీ చెప్పాను. బూడిద అక్కడినుండి వచ్చిందని విన్నప్పుడు చేని వైపు ఒకసారి చూశాడు. ఆయన తాత పేరు, ఆ తాత తండ్రి పేరు అడిగి నా పుస్తకంలో రాసుకొన్నాను. నాలుగో తరం దగ్గర ఆయనకూ పేరు అందలేదు, పక్క ఊరిలోని పెదనాయనను అడగమన్నాడు. తరువాత ఉలోస్ తీసి ఆయన చేతిలో పెట్టి, దీన్ని నువ్వే మాకు కప్పాలంట, మేము నీకు కప్పకూడదంట అని చెప్పాను. నాయన గుడ్డను రెండు చేతులతో తడిమి, నేత వత్తుగా ఉందన్నాడు.

"అల్లుని వైపు ఏ కొస రావాలమ్మా?" అని అడిగాడు.

ఏ కొసైనా ఒకటే అన్నాను. మా ఆయన అరుగు కింద నిలబడి, ఆ హుతా ఇంటి ద్వారంలో దూరినప్పటిలాగా తల వంచాడు.